పుస్తకం వెంట ప్రయాణం: ముందు ఏం చదవాలి, సంచిలో ఏం పెట్టాలి, పాత గ్రంథాలయంలో ఏం చూడాలి

పుటబాటసారి

పుస్తకాల కోసమే చేసే ప్రయాణాల గురించి ఒకచోట మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నవలలో వచ్చిన వీధులు, రచయితలు బతికిన ఇళ్లు, పాత గ్రంథాలయాలు, అచ్చుయంత్రాల మ్యూజియంలు, పాత పుస్తకాల బజార్లు అన్నీ ఇందులోకి వస్తాయి. "వెళ్లాం, బాగుంది" అనేదానికంటే వెళ్లబోయేవాళ్లకు పనికొచ్చే వివరం రాద్దాం.

ముందు ఏం చదవాలన్నదానికి నా లెక్క ఇది. ఒక ఊరికి మూడు పుస్తకాలు చాలు. ఒకటి ఆ ఊరి చరిత్ర, రెండు వందల పుటలకు మించనిది. బయల్దేరడానికి నెల ముందే అది పూర్తయిపోవాలి. రెండోది ఆ ఊళ్లో నడిచే నవలో కథల సంపుటో. సగం ఇంట్లో చదివి, మిగతా సగం అక్కడ చదవాలి. మూడోది అక్కడివాళ్లు ఈ కాలంలో రాసినది, అనువాదమైనా సరే. దాన్ని తిరిగొచ్చాక చదవాలి.

చరిత్ర పుస్తకాన్ని ప్రయాణంలో చదువుకుందాం అనుకుంటే చాలాసార్లు చెడుతుంది. రాజుల పేర్లూ తేదీలూ పట్టుకునే ఓపిక దారిలో ఉండదు. మ్యూజియంలో పలకమీద ఆ పేరే కనిపించినా ఎవరో తట్టదు. నెల ముందు చదివి, ఒకే కాగితం మీద పది తేదీలు రాసుకుంటే అవి మనసులో కుదురుకుంటాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌నే చూడండి: 1703లో పునాది, 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్, 1991లో మళ్లీ పాత పేరు. ఈ నాలుగూ తెలియకపోతే ఒకే ఊరి మీద వచ్చిన నవలలు మూడు ఊళ్లవిగా అనిపిస్తాయి.

పటంపిచ్చి

తేదీల కాగితానికి తోడు నవలకు ఒక స్థలాల పట్టిక కూడా వేసుకోవాలి. రెండోసారి చదివేటప్పుడు నాలుగు గడులు గీయండి: అధ్యాయం, చోటు పేరు, రోజులో ఏ వేళ, అక్కడ జరిగింది ఒక్క ముక్కలో. మొదటి చదువులో ఇది పెట్టుకోకండి, కథ చచ్చిపోతుంది.

తర్వాత ఆ కాలపు పటం వెతకాలి. పెద్ద జాతీయ గ్రంథాలయాలు చాలా పాత పటాలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాయి. పాత పటాన్నీ ఇప్పటి పటాన్నీ పక్కపక్కన పెట్టి, మారని గుర్తులు మూడు పట్టుకోండి. నది వంపు, వంతెన, గుడి లేదా చర్చి లాంటివి. వీధి పేర్లు మారతాయి, ఇంటి నంబర్లు మళ్లీ వేస్తారు, వంతెన చోటు మాత్రం అంత తేలిగ్గా మారదు. ఈ మూడింటి మధ్య దూరాలు పోల్చుకుంటే మిగతా చోట్లు వాటంతటవే తేలతాయి.

కొందరు రచయితలు దూరాన్ని కథలోనే కొలిచి పెడతారు. దొస్తోయెవ్‌స్కీ 'నేరము శిక్ష'లో రస్కోల్నికోవ్ గది నుంచి వడ్డీవ్యాపారి ముసలమ్మ ఇంటికి సరిగ్గా 730 అంగలు. పటం మీద చూస్తే ఆ దూరం వేలెడంత. నడిస్తేనే తెలుస్తుంది, అతనికి వెనక్కి తిరగడానికి ఎంత వ్యవధి ఉందో, ఎంత లేదో. ఆ అంకె అక్కడ ఎందుకుందో నాకు నడకలోనే అర్థమవుతుంది తప్ప వ్యాఖ్యానాల్లో కాదు.

ఒక్క జాగ్రత్త. ఇల్లు ఇంకా ఉందో లేదో ముందే చూసుకోండి. ఐరిష్ రచయిత జాయిస్ నవల 'యులిసిస్' దాదాపు మొత్తం 1904 జూన్ 16న డబ్లిన్‌లో జరుగుతుంది. ఏటా ఆ తేదీకి జనం ఆ దారులు పట్టుకుని నడుస్తారు. కథానాయకుడి చిరునామా ఎకిల్స్ వీధి 7వ నంబరు. ఆ ఇల్లు ఎప్పుడో కూల్చేశారు, తలుపు మాత్రం అదే ఊళ్లోని జేమ్స్ జాయిస్ సెంటర్‌లో ఉంది. ఇది తెలియనివాళ్లు ఎకిల్స్ వీధిలో తిరిగి తిరిగి, అసలు తలుపు చూడకుండానే వెళ్లిపోతారు.

నిదానచదువు

పుటబాటసారి గారూ, నవలను ముందే చదవమనడం నాకు సమ్మతం కాదు. చదివి వెళ్తే మనం రచయిత చూసిన ఊరినే వెతుక్కుంటాం. కళ్ల ముందున్న ఊరు పక్కకు పోతుంది. మొదటి రెండు రోజులు ఏమీ చదవకుండా తిరిగి, మూడో రోజు నుంచి నవల అందుకోవాలని నా అభిప్రాయం. అప్పుడు పుస్తకంలో వీధి పేరు రాగానే దాని ఎత్తుపల్లాలు, చప్పుడు మనకు ముందే తెలుసు. అలా చదివిన వర్ణన నిలబడుతుంది.

పుటబాటసారి

నిదానచదువు గారూ, వారం పైన ఉండేవాళ్లకు మీ పద్ధతే మంచిది, ఒప్పుకుంటాను. రెండు మూడు రోజులు మాత్రమే ఉండేవాళ్లకు కుదరదు. పైగా కొన్ని చోట్లకు పుస్తకం చదవకుండా వెళ్తే సగమే అందుతుంది. ఇస్తాంబుల్‌లో టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్ 2012లో తెరిచిన 'మ్యూజియం ఆఫ్ ఇన్నొసెన్స్' అలాంటిది. అదే పేరుతో ఉన్న ఆయన నవలలో 83 అధ్యాయాలు. మ్యూజియం అరలు కూడా అధ్యాయానికి ఒకటి లెక్కన అదే వరసలో ఉంటాయి. నవల చివర్లో ఒక ప్రవేశ టికెట్ అచ్చయి ఉంటుంది. పుస్తకం తీసుకెళ్తే దానిమీద ముద్ర వేసి ఉచితంగా లోపలికి పంపుతారు. అందుకని అక్కడికి కాగితం పుస్తకమే పట్టుకెళ్లాలి.

మెరుపుతెర

సంచి సంగతికి వస్తాను. బరువు ఊహించుకోకండి, లెక్కగట్టండి. 14 × 21.5 సెంటీమీటర్ల పుస్తకం, 300 పుటలు అనుకుందాం. అంటే 150 కాగితాలు. వైశాల్యం మొత్తం దాదాపు నాలుగున్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 70 గ్రాముల కాగితమైతే 316 గ్రాములు, మెత్తటి అట్టతో కలిపి 335 దాకా. 80 గ్రాముల కాగితమైతే 380కు చేరుతుంది. గట్టి అట్ట ఉంటే ఇంకో 150 నుంచి 200 గ్రాములు కలపండి. విమానంలో చేతిసంచికి ఏడు కిలోలే అనే సంస్థలు చాలా ఉన్నాయి. నాలుగు పుస్తకాలు పెడితే అందులో ఐదో వంతు పోయినట్టే.

ఈ-రీడర్ మోసేవాళ్లు చేసే తప్పులు మూడు నాలుగే. పుస్తకాన్ని ఇంటి దగ్గరే దించుకుని, నెట్ ఆపేసి ఒకసారి తెరిచి చూడాలి. పరికరం జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన పుస్తకం పరికరంలోకి దిగినట్టు కాదు. కొన్ని పుస్తకాలు కొన్ని దేశాల్లోనే అమ్ముతారు కాబట్టి అక్కడికి వెళ్లాక కొందామని ఆగకూడదు. ఇ-ఇంక్ తెర వెనక పలుచని గాజు ఉంటుంది. నిండిన సంచిలో ఒక మూల నుంచి వత్తిడి పడితే పైకి గీత కూడా కనబడకుండా లోపల పగులుతుంది, సగం తెర గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. తెర వైపు చదునైన గట్టి అట్ట ఆనేలా పెట్టండి, ఛార్జరు పిన్ను అటువైపు రానివ్వకండి. గడ్డకట్టే చలిలో పుట మారడం నెమ్మదిస్తుంది. అది పాడైనట్టు కాదు, వెచ్చబడితే సర్దుకుంటుంది.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే మామూలుగా అడ్డు చెప్పరు. 20,000 మిల్లీ యాంపియర్ అవర్లను 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు, కాబట్టి ఇబ్బంది లేదు. దానిమీద అంకెలు చెరిగిపోయి ఉంటే మాత్రం తనిఖీలో ఆపేయొచ్చు.

అట్టకుట్టు

కాగితం పుస్తకం తీసుకెళ్లేవాళ్లకు బైండింగ్ గురించి రెండు మాటలు. వీపు, అంటే పుటలన్నీ కలిసే వైపు, పైకొస నుంచి చూడండి. కాగితాలు చిన్న చిన్న కట్టలుగా మడిచి కనిపిస్తే అది కుట్టిన పుస్తకం. అన్నీ ఒకే దిమ్మెలా తెగ్గోసి ఉంటే జిగురు మీద నిలబడ్డది. కరిగించి పూసే జిగురు చలికి పెళుసెక్కుతుంది, ఎండలో ఆపిన కారులో మెత్తబడుతుంది. రెండు సందర్భాల్లోనూ పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరిస్తే మధ్య పుటలు ఊడివస్తాయి. ప్రయాణానికి కుట్టిన ప్రతి దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే కొత్త పుస్తకాన్ని వాడకముందే కాస్త వదులు చేయాలి: వీపు బల్లమీద ఆనించి, ముందు నుంచి ఒక ఇరవై పుటలు, వెనక నుంచి ఒక ఇరవై, అలా మధ్యకు వస్తూ వేలితో మెల్లగా నొక్కుతూ రావడం.

సూట్‌కేసులో పుస్తకాలను చక్రాల వైపు, పడుకోబెట్టి పెట్టాలి. నిలువుగా పెట్టాల్సి వస్తే వీపు కిందికి ఉండాలి. పుటల అంచు కిందికి పెడితే కుదుపులకు పుస్తకం దిమ్మె బరువంతా అట్ట కీలు మీద పడి చిరుగుతుంది. మూలలకు మేజోళ్లు తొడిగినా చాలు. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, అంచుల్ని కోసేస్తుంది, వేడికి కరిగి అట్టకు అంటుకుంటుంది. వాన కోసం ప్లాస్టిక్ సంచి మంచిదే కానీ గది చేరగానే బయటికి తీయాలి. లోపలి తేమ చల్లటి గదిలో చెమ్మగా దిగుతుంది.

గాలికిటికీ

పాత గ్రంథాలయంలో ఏం చూడాలి అన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

చాలామంది పైకప్పు బొమ్మలు చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. నేననేది, ఆ గదిని పుస్తకాలను బతికించే ఏర్పాటుగా చూడమని. తేమ ఎటు పోతోంది, వెలుగు ఎంతసేపు పడుతోంది, పురుగును ఎవరు ఆపుతున్నారు, నిప్పు రాకుండా ఏం చేశారు. ఈ నాలుగూ అడుగుతూ తిరిగితే గోడలు మాట్లాడతాయి.

దక్షిణ కొరియాలో గాయా కొండ మీద హెయిన్‌సా అనే బౌద్ధ మఠం ఉంది. 13వ శతాబ్దంలో చెక్కిన 81 వేలకు పైగా చెక్క అచ్చుపలకలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, త్రిపిటకం మొత్తం. వాటిని దాచిన భవనాలు 15వ శతాబ్దంవి, 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. యంత్రం ఒక్కటీ లేకుండా అన్ని వందల ఏళ్లు చెక్క ఎలా నిలిచింది? కిటికీలు చూడండి. ముందు గోడకు కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనక గోడకు సరిగ్గా తలకిందులు. లోపలికొచ్చిన గాలి వెంటనే బయటపడకుండా గది నిండా పైకీ కిందికీ తిరిగి వెళ్తుంది. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నం, ఇసుక పొరలు వేశారు, అవి తేమను పీల్చి మళ్లీ వదులుతాయి. మామూలు సందర్శకులు చెక్క ఊచల సందుల్లోంచే చూడాలి. అయినా పలకల అంచులూ వాటి మధ్య వదిలిన ఖాళీలూ కనిపిస్తాయి. ఆ ఖాళీలే అసలు సంగతి.

పోర్చుగల్‌లో కోయింబ్రా విశ్వవిద్యాలయపు జొవానినా గ్రంథాలయం 18వ శతాబ్దం మొదట్లో కట్టినది. గోడలు రెండు మీటర్లకు పైగా మందం, అందుకే లోపలి వేడీ తేమా పెద్దగా మారవు. పురుగుల్ని తినడానికి గబ్బిలాలు ఉన్నాయి. రాత్రిపూట బల్లల మీద తోలు కప్పి, పొద్దున్నే రెట్టలు తుడుస్తారు. అవి పగలు అరల వెనక ఉంటాయి కాబట్టి కనబడవు. ఇక్కడ లోపలికి టికెట్ మీద ఉన్న వేళకే పంపుతారు, ఆలస్యమైతే ఆ వంతు పోయినట్టే.

స్విట్జర్లాండ్ సెయింట్ గాలెన్ మఠంలో చూడాల్సింది నేల. బూట్ల మీద ఫెల్టు చెప్పులు తొడిగించే ఆనవాయితీ ఆ చెక్క నేలను కాపాడటానికే.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీ లాంగ్ రూమ్‌కు వెళ్లేవాళ్లు మాత్రం ముందే తెలుసుకోండి: మరమ్మతుల కోసం రెండు లక్షల పుస్తకాలను అరల్లోంచి దించారు. ఫొటోల్లో చూసిన పుస్తకాల గోడ కోసం వెళ్తే ఖాళీ అరలు కనిపిస్తాయి. నాకైతే ఆ ఖాళీ అరలు కూడా చూడదగ్గవే, అర ఎంత లోతు, గాలి ఎక్కడాడుతుంది అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఎప్పుడు తెరిచి ఉంటుందన్నది వెళ్లేముందు సరిచూసుకోవాలి.

తాటాకుగంటం

గాలికిటికీ గారి మాటకు కొనసాగింపుగా, అద్దాల పెట్టెలో పుస్తకం చూసేటప్పుడు "ఇంత చీకటేమిటి" అని విసుక్కోకండి. రాతప్రతులకు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు ఇవ్వరు. కళ్లు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఫోను తెర చూసి మళ్లీ పుస్తకం చూస్తే ఆ అలవాటు పోతుంది, మళ్లీ మొదటికే. ఒకే పుటను ఏళ్లతరబడి తెరిచి ఉంచరు, కొన్నాళ్లకోసారి తిప్పుతారు. కనుక ఫలానా బొమ్మే చూడాలనుకుంటే ఈమధ్య ఏ పుట తెరిచారో కనుక్కుని వెళ్లాలి.

ఇక రాతప్రతిని చేత్తో పట్టుకుని చదవాలనుకునేవాళ్లకు. సందర్శకుల టికెట్ వేరు, చదువరి కార్డు వేరు. కార్డుకు గుర్తింపు పత్రం, చాలాచోట్ల చిరునామా రుజువు కూడా కావాలి. కావలసిన రాతప్రతి నంబరును ముందుగానే గ్రంథాలయం జాబితాలో పట్టుకుని, కనీసం వారం ముందు ఉత్తరం రాయండి, ఎందుకంటే చాలా పుస్తకాలు వేరే ఊళ్లోని గోదాముల్లో ఉంటాయి. స్కాన్ అయిన ప్రతి ఉంటే అసలుది మామూలుగా ఇవ్వరు. అసలుదే ఎందుకు కావాలో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి: కాగితం చూడాలి, బైండింగ్ చూడాలి, చెరిపేసిన అక్షరాలు చూడాలి, ఇలాంటి కారణాలు నిలుస్తాయి. లోపలికి పెన్సిలే, పెన్ను రానివ్వరు. పుస్తకాన్ని స్పాంజి దిండ్ల మీద పెట్టి చదవాలి, పుట నిలవడానికి దానిమీద వేసే బరువైన తాడు ఇస్తారు.

సినిమాల్లో చూపే తెల్ల చేతితొడుగులు కాగితానికి వాడరు. గుడ్డ తొడుగుతో వేలికి స్పర్శ పోతుంది, పుట అంచు తగులుకుని చిరుగుతుంది. చేతులు కడుక్కుని, బాగా ఆరనిచ్చి పట్టుకోవడమే మేలు. క్రీము రాసుకోకూడదు. ఫొటోలకు మాత్రం తొడుగులు కావాలి.

తాళపత్రాలైతే ఆకును ఒక కొసన పట్టి ఎత్తకండి, రెండు చేతులా పట్టాలి. ఎండిన ఆకు దారం రంధ్రం దగ్గర విరుగుతుంది. అక్షరాలు కనబడటం లేదంటే సిరా పోయిందని కాదు. గంటంతో గీసిన గాట్లు అలాగే ఉంటాయి, వాటిలో పూసిన మసి మాత్రమే రాలిపోతుంది. పక్కనుంచి వాలుగా వెలుగు పడితే చదవొచ్చు. గ్రంథాలయం వాళ్లు నిమ్మగడ్డి నూనె పూయడం చూసి ఇంట్లో ఉన్నవాటికి మనమే పూసేయకూడదు. ఆకు ఏ స్థితిలో ఉందో చూడకుండా పూస్తే జిడ్డు పట్టి దుమ్ము అంటుకుంటుంది.

పుటలమడత

పాత పుస్తకాలు కొని తెచ్చుకుంటే ఇంట్లో ఉన్నవాటికి పురుగు పట్టదా? అది ఎలా కనిపెట్టాలి?

అట్టకుట్టు

పుటలమడత గారూ, కొనేముందు మూడు చూడండి. ఒకటి, రంధ్రాలు. పాత రంధ్రం పరవాలేదు. పుస్తకాన్ని తెల్లకాగితం మీద తట్టినప్పుడు సన్నటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉందని అనుమానించాలి. రెండు, బూజు. పొడిగా దుమ్ములా ఉంటే నిద్రలో ఉంది, వేలికి జిడ్డుగా అంటుకుంటే పెరుగుతోంది. రెండోదాన్ని కొనకండి. మూడు, తోలు అట్ట. చేతికి ఎర్రటి పొడి అంటితే ఆ తోలు చివికిపోతోందని అర్థం, దాన్ని వెనక్కి తీసుకురాలేం. పుటల మీద గోధుమ రంగు చుక్కలు మాత్రం చూడటానికి బాగోవు అంతే, పక్క పుస్తకానికి అంటవు.

పురుగు అనుమానముంటే ఫ్రీజరే మందు. పుస్తకాన్ని కాగితంలో చుట్టి, గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసేసి మూయాలి. ఇంటి ఫ్రీజరు సున్నాకు 18 డిగ్రీలు కింద ఉంటుంది కాబట్టి రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. ఇక్కడే చాలామంది పాడుచేస్తారు: చల్లటి పుస్తకాన్ని వెంటనే విప్పితే గాలిలో తేమ పుటల మీద నీరై దిగుతుంది, పురుగు చచ్చినా బూజు పడుతుంది. తోలు, చర్మపత్రం, అతికించిన ఫొటోలు ఉన్నవాటిని ఇలా పెట్టకండి.

చేతితొడుగుల మాట వచ్చింది కాబట్టి, పుస్తకాలకు ఒక్కచోట అవి తప్పనిసరి. 19వ శతాబ్దం మధ్యలో కొన్ని గుడ్డ అట్టలకు ఆర్సెనిక్ అనే విషం కలిసిన మెరిసే పచ్చరంగు వాడారు. అమెరికాలోని వింటర్‌థర్ మ్యూజియం వాళ్లు 2019 నుంచి అలాంటివాటిని గుర్తించి జాబితా చేస్తున్నారు. ఆ కాలపు పచ్చ గుడ్డ అట్ట కనబడితే నైట్రైల్ (రబ్బరు లాంటి) తొడుగులతో పట్టుకోండి, విడి సంచిలో మూయండి, మంచం మీదా తినే బల్లమీదా పెట్టకండి.

బజారుదారి

కొనే చోట్ల గురించి కొంచెం. పాత పుస్తకాల ఊళ్లకు రుతువు ముఖ్యం. నార్వేలో ఫియార్‌లాండ్ పుస్తకాల ఊరు వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది, చలికాలంలో వెళ్తే తలుపులు మూసి ఉంటాయి. వేల్స్ సరిహద్దులో హే-ఆన్-వై ఏడాది పొడవునా నడుస్తుంది. 1988లో మొదలైన సాహిత్య ఉత్సవం రోజుల్లో అక్కడ గది దొరకదు, పుస్తకాలే కావాలంటే ఆ రోజులు వదిలేయండి. టోక్యోలో పాత పుస్తకాల పేట జింబోచోలో ఎక్కువ దుకాణాలు పెద్ద రోడ్డుకు దక్షిణం వైపున, ఉత్తరం చూస్తూ ఉంటాయి. ఎండ పడి పుస్తకం వెలిసిపోకుండా ఆ ఏర్పాటు. ఆదివారం చాలావరకు మూత, శనివారం వెళ్లండి.

రాతప్రతుల దగ్గర చట్టం చూసుకోవాలి. భారతదేశంలో 1972 నాటి చట్టం ప్రకారం శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు, దేశం దాటించకూడదు. మిగతా దేశాల్లోనూ ఇలాంటి నిబంధనలు చాలా ఉన్నాయి. అమ్మేవాడు "ఏం కాదు" అన్నంత మాత్రాన సరిపోదు.

పుటలమడత

అట్టకుట్టు గారికి ధన్యవాదాలు. ఇంకొకటి. బెల్జియంలో ఆంట్‌వర్ప్‌లోని పాత అచ్చుశాల, ప్లాంటిన్-మొరెటస్ మ్యూజియంకు వెళ్తే ఏం చూడాలి? అచ్చు గురించి పెద్దగా తెలియదు.

తాటాకుగంటం

అక్కడ 1600 ప్రాంతపు అచ్చుయంత్రాలు రెండున్నాయి, ఇప్పటికీ మిగిలినవాటిలో ప్రపంచంలోనే పాతవి. 2005లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. యంత్రం దగ్గర ఎంతసేపు నిలబడతారో, అక్షరాల అచ్చులున్న గదిలో కూడా అంతసేపు నిలబడండి. ముందు ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు, దాన్ని రాగి ముక్కలో గుద్దుతారు, ఆ గుంటలో సీసం పోసి అక్షరం తీస్తారు. ఈ మూడు మెట్లూ తెలిస్తే అక్కడ అరల్లో ఉన్న వస్తువులన్నీ వాటంతటవే వరసలో పడతాయి.

వెళ్లేముందు ఇంట్లో ఒక అభ్యాసం చేయండి. A4 కాగితాన్ని ఒకసారి మడవండి, అది ఫోలియో. మళ్లీ మడిస్తే క్వార్టో, మూడోసారి మడిస్తే ఆక్టేవో. చేతితో చేసిన పాత కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే రెండు మూడు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున గీతలు కనిపిస్తాయి, కాగితం తీసిన జల్లెడ తీగల గుర్తులు. ఫోలియోలో ఆ గీతలు నిలువు, క్వార్టోలో అడ్డం, ఆక్టేవోలో మళ్లీ నిలువు. నీటిగుర్తు ఫోలియోలో మడిచిన ఒక సగం నడిమధ్య, క్వార్టోలో వీపు మడతలో సగం ఎత్తున, ఆక్టేవోలో అదే మడతలో పైకొసన వస్తుంది. A4 మీద పెన్సిలుతో పొట్టి అంచుకు సమాంతరంగా గీతలు గీసి, ఒక సగం మధ్యలో చిన్న బొమ్మ వేసి మడిచి చూసుకుంటే ఎందుకలాగో తెలిసిపోతుంది. అద్దం వెనక ఉన్న పుస్తకాన్ని మీరు వెలుగుకు పట్టలేరు. కానీ వాలు వెలుగులో ఆ గీతలు కొన్నిసార్లు పైకే కనిపిస్తాయి, అప్పుడు గీతల దిశ, పుస్తకం పరిమాణం కలిపి చూస్తే అది ఎన్ని మడతల పుస్తకమో పక్కనున్న చీటీ చూడకుండానే చెప్పేయొచ్చు.